ట్రైలర్ ఎలక్ట్రిక్ బ్రేకు: ఒక్క చక్రమే కాలిపోతోంది, ప్లగ్ పీకేసినా అంతే

రెండు యాక్సిళ్ల ట్రైలర్, ఒక్కోటి 3500 పౌండ్లది, 10 అంగుళాల డ్రమ్ములు. 20 కి.మీ. నడిపి, బ్రేకు పెద్దగా వాడకుండా ఆపి చూస్తే మూడు డ్రమ్ములు 45 డిగ్రీల దగ్గర ఉంటున్నాయి. వెనక ఎడమది మాత్రం 110. దాని గ్రీజు క్యాప్ 60 దాటడం లేదు, అంటే వేడి పుడుతున్నది డ్రమ్ములోనే, బేరింగులో కాదనుకుంటున్నా.

అయినా బేరింగులు, సీలు కొత్తవి వేశాను. హబ్ తిప్పుతూ నట్టు బిగించి, పూర్తిగా వదులు చేసి, వేళ్లతో మాత్రమే బిగించి పిన్ను పెట్టాను. చక్రంలో ఆట లేదు. బ్రేకు షూలు డ్రమ్ముని పట్టేదాకా స్టార్ వీల్ (షూల ఎడం సర్దే పళ్ళ చక్రం) తిప్పి 10 పళ్ళు వెనక్కి తీశాను. చల్లగా ఉంటే చక్రం హాయిగా తిరుగుతుంది. వేడెక్కాక చేత్తో తిప్పితే ఈడుస్తుంది.

వైరింగు మీద అనుమానం పోయింది. మాగ్నెట్లు (కరెంటు వస్తే డ్రమ్ముకి అంటుకుని బ్రేకు వేయించే విద్యుదయస్కాంతాలు) నాలుగూ 3.2 ఓమ్‌లు, పూర్తి బ్రేకులో మొత్తం 11.8 ఆంపియర్లు, పెడల్ వదిలితే సున్నా వోల్టులు. బండి నుంచి ట్రైలర్‌కి కరెంటు ఇచ్చే ప్లగ్ పీకేసి నడిపినా అదే వేడి.

డ్రమ్ము విప్పితే ఒకటి కనిపించింది: ఈ మాగ్నెట్ ముఖం ఏటవాలుగా అరిగింది, ఒక అంచు అద్దంలా మెరుస్తోంది, రెండోది ఇంకా గరుకుగానే ఉంది. మాగ్నెట్‌ని పట్టుకుని షూలను నెట్టే ఆర్మ్‌ని చేత్తో నెట్టి వదిలితే వెనక్కి వస్తోంది, కాకపోతే బద్ధకంగా. స్ప్రింగులు మార్చలేదు.

నాలుగు నట్లు విప్పి బ్యాకింగ్ ప్లేట్ (షూలు, ఆర్మ్ అన్నీ బిగించి ఉండే పలక) మొత్తం మార్చేసే ముందు, తప్పు ఆర్మ్ పివట్ (ఆర్మ్ తిరిగే కీలు) అరుగుదలదా, వంగిన స్పిండిల్‌దా (హబ్ తిరిగే ఇరుసు కొన) అని ఖాయంగా తేల్చుకోవడానికి ఏం కొలవాలి?