మా వాడికి 1560, క్లాసులో అమ్మాయికి 1430. సీటు ఎవరికి రావాల్సింది?

ఫ్రిస్కో నాన్న
అందరికీ నమస్కారం. మార్చి ఆఖరి వారం నుంచి మా ఇంట్లో ఎవరూ సరిగ్గా మాట్లాడుకోవడం లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. మా వాడు, వాడి క్లాసులో ఇంకో తెలుగు అమ్మాయి ఈశాన్యంలో ఉన్న ఒకే పెద్ద ప్రైవేటు యూనివర్సిటీకి అప్లై చేశారు. (పేరు చెప్పను. ఆ అమ్మాయి వివరాలు కూడా కొన్ని మార్చాను.) మా వాడికి ఎస్ఏటీ 1560, పదమూడు ఏపీలు, రోబోటిక్స్ కెప్టెన్, హాస్పిటల్లో వాలంటీరింగ్, ఎనిమిదేళ్ల మృదంగం. ఇండియా నుంచి చదివేవాళ్లకు: ఎస్ఏటీ అంటే 1600 మార్కుల కాలేజీ ప్రవేశ పరీక్ష. ఏపీ అంటే ఆంధ్రా కాదండీ, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సులు. ఆ అమ్మాయికి 1430, ఏపీలు ఏడు. వాళ్లు చిన్న గ్యాస్ స్టేషన్ నడుపుతారు, సాయంత్రాలు పిల్ల అక్కడే ఉంటుంది. క్లబ్బులూ గిబ్బులూ ఏమీ లేవు.

సీటు ఆమెకి వచ్చింది, దాదాపు పూర్తి ఎయిడ్‌తో. మా వాడికి రిజెక్ట్. వెయిట్‌లిస్ట్ కూడా కాదు.

అసూయ లేదంటే మీరెవరూ నమ్మరు, కొంచెం ఉంది. కానీ నా ప్రశ్న నిజమైన ప్రశ్నే. ఇద్దరు పిల్లల్ని పక్కపక్కన పెట్టి చూసేటప్పుడు ఏ తూకంతో తూస్తున్నారు? 130 మార్కుల తేడాకు విలువ లేదా?

ఐఐటీ పాతకాపు
లేదనే చెప్తున్నారు కదా గురువుగారూ, ఉత్తరం కూడా పంపారు.

నా మాట సూటిగా చెప్తాను. మా నాన్న పల్లెటూరి బడిపంతులు. జేఈఈ పేపర్ దిద్దినవాడికి నేనెవరి కొడుకునో తెలియదు, నాకు మృదంగం వచ్చో రాదో అక్కర్లేదు. ర్యాంకు వచ్చింది, మద్రాసు రైలెక్కాను. అదే నన్ను కూర్చోబెట్టి "నీ వ్యక్తిత్వం గురించి 650 పదాల్లో రాయి" అని ఉంటే నేనీపాటికి మా ఊళ్లోనే ఉండేవాణ్ని. వ్యక్తిత్వం అనే మాట నాకు అప్పటికి స్పెల్లింగ్‌తో సహా కొత్త.

ఇక్కడ జరిగేది ఏమిటో 2018లో బోస్టన్ కోర్టులో, హార్వర్డ్ ఆసియా పిల్లల మీద వివక్ష చూపుతోందన్న దావాలో బయటపడింది. హార్వర్డ్ ప్రతి పిల్లాడికీ చదువు, చదువుకు బయటి పనులు, ఆటలు, వ్యక్తిత్వం అని విడివిడిగా అంకెలు వేస్తుంది, 1 అంటే గొప్ప, 6 అంటే అడుగు. చదువులో మన ఆసియా పిల్లలు పైన. వ్యక్తిత్వంలో మాత్రం సగటున కింద! పిల్లాడి ముఖం కూడా చూడని ఆఫీసు వేసిన అంకె అది. ఎదురుగా కూర్చుని ఇంటర్వ్యూ చేసిన పూర్వ విద్యార్థులు మన పిల్లలకు అంత తక్కువ వేయలేదని దావా వేసినవాళ్ల వాదన. దీనికి సమాధానం చెప్పమనండి ఎవరినైనా.

రెండో తరం
అంకుల్, నేను ప్రయత్నిస్తాను. ఇక్కడే పుట్టి పెరిగాను, తెలుగు అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నది, తప్పులుంటే సర్దుకోండి. మా కాలేజీ తరఫున ఆరేళ్లు అప్లికెంట్లను ఇంటర్వ్యూ చేశాను. నిర్ణయం మా చేతిలో ఉండదు, మేం ఒక పేజీ రాసి పంపుతాం అంతే.

ముందు ఫ్రిస్కో అంకుల్ ప్రశ్న. ఒక ప్రాంతంలోని స్కూళ్లను మామూలుగా ఒకే ఆఫీసర్‌కి అప్పగిస్తారు. ఫైల్‌తో పాటు స్కూల్ ప్రొఫైల్ అని ఒక కాగితం వెళ్తుంది. ఆ స్కూల్లో ఎన్ని ఏపీలు ఉన్నాయి, పిల్లల స్కోర్లు సాధారణంగా ఎంత, ఇవన్నీ అందులో ఉంటాయి. అంటే పదమూడు ఏపీలు అనే అంకెను ఆ ఆఫీసర్ ఒంటరిగా చూడడు. మీ స్కూల్ నుంచి అలాంటి ఫైళ్లు వాళ్లకు ఎన్నో వచ్చి ఉంటాయి. రోబోటిక్స్ కెప్టెన్లు కూడా ఒకరి కంటే ఎక్కువే ఉంటారు (మా స్కూల్లో ముగ్గురు కో-కెప్టెన్లు ఉండేవాళ్లు, టీమ్‌లో మొత్తం ఎనిమిది మంది).

కామన్ యాప్‌లో (చాలా కాలేజీలకు కలిపి నింపే ఒకే దరఖాస్తు) చదువు బయటి పనులకు పది గళ్లు ఉంటాయి, ఒక్కో వివరణకు 150 అక్షరాలు. రోజూ సాయంత్రం కౌంటర్లో నిలబడటం కూడా అందులో ఒక గడి. అక్కడ క్లబ్ పేరు లేదని మీరు ఖాళీ అనుకున్నారు. చదివేవాళ్లు అలా అనుకోరు.

పాతకాపు అంకుల్ చెప్పిన పర్సనల్ రేటింగ్ విషయంలో నా దగ్గర మంచి సమాధానం లేదు. 2019లో జిల్లా కోర్టు హార్వర్డ్ వైపు తీర్పిచ్చింది. 2023 జూన్ 29న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసి, అడ్మిషన్లలో జాతిని లెక్కలోకి తీసుకోకూడదంది. కానీ ఆ అంకె ఎందుకలా వచ్చిందో ఇప్పటికీ నాకు నచ్చేలా ఎవరూ చెప్పలేదు.

గోదారిగట్టు
అసలు వేరేవాళ్ల అమ్మాయి మార్కులు ఇలా నలుగురిలో పెట్టడమే నాకు నచ్చలేదు. వివరాలు మార్చినా సరే. ఆ ఊళ్లో వాళ్లకు తెలిసిపోతుంది.

ఎడిసన్ అత్తయ్య
గోదారిగట్టు గారన్నది నిజమే, కానీ టాపిక్ మొదలయ్యాక ఆగలేను.

మా ఆడపడుచు కొడుక్కి కన్సల్టెంట్‌ని పెట్టారు, తొమ్మిదో క్లాసు నుంచి. ఆవిడ సలహా మీద ఒక నాన్‌ప్రాఫిట్ పెట్టించారు. వెబ్‌సైట్ ఒకటి, లోగో ఒకటి. ఎండాకాలం సెలవుల్లో వాణ్ని మా అత్తగారి ఊరు తీసుకెళ్లి బడిలో నోటుపుస్తకాలు పంచించారు. ఫొటోలు తీయడానికి భీమవరం నుంచి మనిషిని పిలిపించారు. ఎండకు వాడికి ముక్కు నుంచి రక్తం కారితే ఆ ఫొటో కూడా ఉంచుదామా అని అడిగిందట కన్సల్టెంట్! వాడు కాలేజీలో చేరాడు, సంస్థ మూతపడింది. పుస్తకాలు మాత్రం పిల్లలు వాడుకున్నారు, అదొక్కటే మిగిలింది.

ఇదంతా చూశాక ఒక్క పరీక్ష పెట్టి వదిలేస్తే బాగుండు అనిపిస్తుంది నాకు కూడా.

హన్మకొండ లెక్చరర్
ఇండియా నుంచి. పాతకాపు గారి రైలు కథ నాకూ ఇష్టమే, కానీ ఆ రైలు ఇప్పుడు లేదండీ.

నేను ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్తాను. ఇప్పుడు ఆరో క్లాసు నుంచే ఐఐటీ ఫౌండేషన్ అంటున్నారు. రెసిడెన్షియల్‌లో పొద్దున ఐదింటికి లేపి రాత్రి పదింటి దాకా స్టడీ అవర్స్. ఏటా లక్షల ఫీజు. అది కట్టగలిగిన ఇంటి పిల్లాడూ, ప్రభుత్వ జూనియర్ కాలేజీ పిల్లాడూ ఒకే పేపర్ రాస్తారు. పేపర్ దిద్దే మెషీన్‌కి నాన్న ఎవరో తెలియదు, నిజమే. కానీ నాన్న కట్టిన ఫీజు జవాబుల్లో కనపడుతుంది. 2024లో జేఈఈ అడ్వాన్స్‌డ్ లక్షా ఎనభై వేల మంది రాశారు, సీట్లు పద్దెనిమిది వేల లోపు. మధ్యలో ఒక్క మార్కుకు వందల ర్యాంకులు మారతాయి. ఆ ఒక్క మార్కు ప్రతిభా? ఆ పూట జ్వరం లేకపోవడమా? ఇరవై రెండేళ్ల సర్వీసులో నాకు తేలలేదు. పైగా మన దగ్గర కూడా ర్యాంకు ఒక్కటే చూడరు. పిల్లాడు ఎక్కడి నుంచి వచ్చాడన్నది రిజర్వేషన్ రూపంలో లెక్కలో ఉంటుంది. మనం దాన్ని బహిరంగంగా రాసుకున్నాం, వాళ్లు ఫైల్లో దాచుకున్నారు. అంతే తేడా అని నా అభిప్రాయం.

ఐఐటీ పాతకాపు
లెక్చరర్ గారూ, బహిరంగంగా రాసుకోవడమే అసలు తేడా. ఎంత కటాఫో, ఎవరికి ఎన్ని సీట్లో నాకు ముందే తెలుసు. నచ్చకపోతే కోర్టుకెళ్తాను. ఇక్కడ ఏముంది పట్టుకోవడానికి?

"హోలిస్టిక్" అనే ఈ పద్ధతి బీదవాడి కోసమే అన్నట్టు మాట్లాడుతున్నారు. ఆ దావాలోనే ఇంకో లెక్క బయటికొచ్చింది. హార్వర్డ్ తీసుకున్న తెల్ల పిల్లల్లో 43 శాతం మంది ఆటగాళ్లో, పూర్వ విద్యార్థుల పిల్లలో, అక్కడి స్టాఫ్ పిల్లలో, డీన్ ప్రత్యేక జాబితాలో ఉన్నవాళ్లో. డీన్ జాబితా అంటే ఏమిటో నేను విప్పి చెప్పనక్కర్లేదు, విరాళం అనే మాట మనకూ తెలుసు. 2023లో ఆర్థికవేత్త రాజ్ చెట్టీ బృందం ఇచ్చిన లెక్కేమిటి? ఒకే స్కోరు ఉన్నా, ఐవీ స్థాయి (హార్వర్డ్ లాంటి పేరున్న ప్రైవేటు) కాలేజీల్లో చేరే అవకాశం మధ్యతరగతి పిల్లాడి కంటే పై ఒక్క శాతం సంపన్నుల పిల్లాడికి రెట్టింపుకు పైన. పరీక్ష తగ్గించి "మొత్తం మనిషిని" చూస్తామంటే చివరికి చూసేది వాళ్ల నాన్ననే. 2019లో పడవ నడపడం రాని పిల్లల్ని రోయింగ్ మెషీన్ మీద కూర్చోబెట్టి ఫొటో తీసి సీట్లమ్మిన కేసు మరిచిపోయారా? ఎడిసన్ అత్తయ్య గారి మేనల్లుడు నయం, నిజంగా ఊరికైనా వెళ్లాడు.

రెండో తరం
లెగసీ, అంటే పూర్వ విద్యార్థుల పిల్లలకు మొగ్గు చూపడం, ఆ విషయంలో మీతో వంద శాతం. ఎంఐటీ దాన్ని చూడదు, జాన్స్ హాప్కిన్స్ మానేసింది, కాలిఫోర్నియా 2024లో ప్రైవేటు కాలేజీలకు కూడా వద్దని చట్టం చేసింది. మిగిలినవాళ్లు ఎందుకు పట్టుకుని వేలాడుతున్నారో నాకూ అర్థం కాదు. చెట్టీ లెక్క కూడా నిజానికి మీకే సాయం చేస్తుంది. డబ్బున్నవాళ్ల ఆధిక్యం ఎక్కువగా లెగసీ, ఆటలు, చదువుకు బయటి రేటింగుల నుంచే వస్తోందని అందులో ఉంది.

కానీ పరీక్ష ఉండాలన్నంత మాత్రాన పెద్ద అంకెకే సీటు అని అర్థం కాదు. ఎంఐటీ 2022లో ఎస్ఏటీని మళ్లీ తప్పనిసరి చేసింది. లెక్కల్లో పిల్లలు నిలబడగలరో లేదో ఆ స్కోరు లేకుండా తెలియడం లేదంది. అదే ఊపిరిలో పర్ఫెక్ట్ స్కోర్ల కోసం చూడటం లేదని కూడా చెప్పింది. అది గడప. దాటాడా లేదా అనే ప్రశ్న, ఎంత ఎత్తుకు ఎగిరాడని కాదు.

నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది డార్ట్‌మత్ కాలేజీ కథ. కోవిడ్ తర్వాత స్కోరు ఇష్టముంటే పంపండి అన్నారు. 2024లో వాళ్ల ప్రొఫెసర్లే లెక్కలు తీసి చూస్తే, తక్కువ ఆదాయం ఇళ్ల పిల్లలు 1400 పైచిలుకు స్కోర్లు "తక్కువ" అనుకుని దాచేసుకున్నారు. పంపి ఉంటే వాళ్లకు సీటు వచ్చే అవకాశం పెరిగేది, ఎందుకంటే ఫైల్ చదివేవాళ్లు ఆ అంకెను ఆ స్కూల్, ఆ ఇంటి పరిస్థితులతో కలిపి చూస్తారు. అందుకే పరీక్ష మళ్లీ పెట్టారు. అంటే పరీక్ష తిరిగి రావడం వల్ల గెలిచేది ఫ్రిస్కో అంకుల్ అనుకుంటున్న 1560 కాదు, 1430.

1430 అంటే దేశంలో పరీక్ష రాసినవాళ్లలో వందకు తొంభై మందికి పైగా అందుకోలేని స్కోరు, అది కూడా గుర్తుంచుకోండి.

ప్లానో పిన్ని
మీరంతా హార్వర్డ్ దగ్గరే తిరుగుతున్నారు. 2024లో వాళ్లకు వచ్చినవి 54,000 అప్లికేషన్లు, తీసుకున్నది 1,937 మందిని. అక్కడ రాకపోవడం వార్తే కాదు. మా టెక్సస్ సంగతి వినండి.

ఇక్కడ 1997లో చట్టం చేశారు. మీ స్కూల్లో పై పది శాతంలో ఉంటే స్టేట్ యూనివర్సిటీలో ఆటోమేటిక్ సీటు. ఎస్సే లేదు, వ్యక్తిత్వం లేదు. పాతకాపు గారు కోరుకునే బహిరంగం! ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్‌కి మాత్రం రద్దీ ఎక్కువై ఆ శాతం తగ్గుతూ ఆరుకు వచ్చింది, 2026లో చేరేవాళ్లకు ఐదు. సరిహద్దు ఊరి స్కూల్లో ఐదు శాతం, మా దగ్గర ఐదు శాతం, రెండూ సమానమే. మరి మనవాళ్లు ఏం చేశారు? మంచి స్కూల్ అని అప్పు చేసి ఇక్కడ ఇల్లు కొన్నారు. పిల్లాడు తొమ్మిదికి వచ్చాక, చుట్టూ అందరూ మన పిల్లలే, ర్యాంకు రాదని, ఇంకో ఊరికి మారదామా అని ఆలోచిస్తున్నారు. మా వీధిలో ఒకాయన నిజంగా మారాడు. అక్కడికి పోయాక అమ్మాయికి స్నేహితులు లేక ఏడ్చింది, మళ్లీ వెనక్కొచ్చారు. ర్యాంకు రెండు చోట్లా పోయింది. ఇంతా చేస్తే ఆస్టిన్‌లో ఆటోమేటిక్ అంటే యూనివర్సిటీలోకే, కంప్యూటర్ సైన్స్‌లోకి కాదు. దానికి మళ్లీ ఫైల్ చదువుతారు.

అన్నయ్యగారూ, మీ వాడి ర్యాంకు ఎంత?

ఫ్రిస్కో నాన్న
ఏడు శాతం. ఆస్టిన్ ఆటోమేటిక్‌కి బయట. ఇంకో స్టేట్ యూనివర్సిటీ టెక్సస్ ఏ అండ్ ఎమ్‌లో ఇంకా పది శాతమే కాబట్టి అక్కడ వచ్చింది.

రెండో తరం, నువ్వు చెప్పింది నాలుగుసార్లు చదివాను. ఒప్పుకోలేకపోతున్నాను, కొట్టిపారేయలేకపోతున్నాను కూడా. నాకు మింగుడుపడనిది ఒకటే. మా వాడు ఏం తప్పు చేశాడు? స్కూల్ మేం ఎంచుకున్నాం, కోచింగ్ మేం ఇప్పించాం, క్లబ్బులు మేం చేర్పించాం. అన్నీ ఇచ్చాం కాబట్టి వాడు చేసింది లెక్కలోకి రాదంటే, పిల్లాడికి ఏమీ ఇవ్వకపోతే బాగుండేదా? ఎస్సేకి మేం కూడా ఒకావిడ సాయం తీసుకున్నాం, దాచడం ఎందుకు. తాతగారి పొలం గురించి రాశాడు. మొత్తం మీద వాడు ఆ పొలంలో గడిపింది పది రోజులు, అందులో మూడు రోజులు కడుపునొప్పి.

హన్మకొండ లెక్చరర్
కడుపునొప్పి గురించి రాసి ఉంటే సీటు వచ్చేదేమో సార్. వెటకారం కాదు, నిజంగానే అంటున్నాను.

రెండో తరం
లెక్కలోకి రాలేదని నేననలేదు అంకుల్. లెక్కలోకి వచ్చినవాళ్లు సీట్ల కంటే చాలా ఎక్కువమంది ఉంటారు, చివర్లో ఎవరిని తీసుకున్నా ఇంకొకరికి అన్యాయంలాగే కనపడుతుంది. అక్కడ కొంత అదృష్టమే. కాలేజీలు ఆ మాట బయటికి చెప్పవు, వాటి మీద నా కోపం అదే. చెప్పి ఉంటే మీ ఇంట్లో ఈ రెండు వారాలు ఇలా ఉండేవి కావు.

ఐఐటీ పాతకాపు
అదృష్టమే అయితే లాటరీ వేయమనండి, అప్లికేషన్ ఫీజు మిగులుతుంది.

ఫ్రిస్కో నాన్న
చివరి పోస్ట్. మా వాడు ఈ థ్రెడ్ చూశాడు. ఎవరో స్కూల్ గ్రూప్‌లో పెట్టారట. గోదారిగట్టు గారూ, మీరన్నది విని ఉండాల్సింది. ఆ అమ్మాయి దగ్గరికి వాడే వెళ్లి సారీ చెప్పొచ్చాడు. ఇంటికొచ్చి నాతో ఒక్క మాటే అన్నాడు. "నేను ఎస్ఏటీ నాలుగుసార్లు రాశాను నాన్నా, ఆమె ఒక్కసారే రాసింది. అది రాయలేదేం?"

అందుకని రాస్తున్నాను. 1560 నాలుగోసారి వచ్చింది. మొదటిసారి 1410.

ఐఐటీ పాతకాపు
నాలుగా! జేఈఈ అడ్వాన్స్‌డ్ రెండుసార్లే రాయనిస్తారు.

సరే, అబ్బాయి ఏ అండ్ ఎమ్‌లో ఏం చేరుతున్నాడు?

ఫ్రిస్కో నాన్న
ఇంజినీరింగ్. మొదటి ఏడాది అందరికీ జనరల్, తర్వాత మేజర్ కోసం మళ్లీ పోటీ, జీపీఏ చూసి ఇస్తారట. మే 1 లోపు ఒప్పుకోవాలి. మోడరేటర్ గారూ, మొదటి పోస్ట్‌లో అమ్మాయి గురించి ఉన్నదంతా తీసేయండి. నాకు ఎడిట్ బటన్ రావడం లేదు.