స్పీకర్ పదవి ఖాళీగా ఉన్నప్పుడు సంయుక్త సమావేశం ఎలా జరిగింది?

ప్రశ్న: పార్లమెంటు ఉభయ సభల సంయుక్త సమావేశానికి లోక్‌సభ స్పీకరే అధ్యక్షత వహిస్తారని చదివాను. పదమూడవ లోక్‌సభ స్పీకర్ బాలయోగి గారు 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ ప్రమాదంలో మరణించగా, అదే నెల 26న పోటా (ఉగ్రవాద నిరోధక) బిల్లుపై జరిగిన సంయుక్త సమావేశాన్ని ఎవరు నడిపించారు? రాజ్యసభ ఛైర్మన్ కృష్ణకాంత్ గారా?

సమాధానం: కాదండి, డిప్యూటీ స్పీకర్ పి.ఎం. సయీద్ గారు. స్పీకర్ లేనప్పుడు డిప్యూటీ స్పీకర్, ఆయనా లేకపోతే రాజ్యసభ డిప్యూటీ ఛైర్మన్ అన్నది నియమాల క్రమం. రాజ్యసభ ఛైర్మన్‌గా ఉండే ఉపరాష్ట్రపతి ఏ సభలోనూ సభ్యులు కారు కనుక ఆ వరుసలో ఆయనకు చోటు లేదు.

మరొక సమాధానం: లోక్‌సభ ఆమోదించిన ఆ బిల్లును రాజ్యసభ మార్చి 21న తిరస్కరించడం వల్లనే సంయుక్త సమావేశం అవసరమైంది, అక్కడ అది 425–296 ఓట్లతో నెగ్గింది. మనోహర్ జోషి గారు స్పీకర్‌గా ఎన్నికైనది మే నెలలో.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండి. ఇంతకాలం కృష్ణకాంత్ గారేననుకున్నాను.