లైసెన్సు రివాల్వర్‌ను రోజూ విప్పి తుడవాలా, వద్దా?

పత్తి_వ్యాపారి (వరంగల్)
ఏనుమాముల మార్కెట్‌లో పత్తి వ్యాపారం చేస్తాను. సీజన్లో నగదు పట్టుకుని రాత్రి ఇంటికి రావాల్సి ఉంటుంది. 2019లో లైసెన్సు మీద కాన్పూర్ .32 రివాల్వర్ కొన్నాను. చొక్కా లోపల, నడుముకి తోలు హోల్‌స్టర్‌లో ఉంటుంది. ఎండాకాలం చెమటకి హోల్‌స్టర్ తడిసిపోతుంది. అందుకే రోజూ రాత్రి ఇంటికొచ్చాక విప్పి, తుడిచి, నూనె పెడతాను. మా బావమరిది ఇట్లా చేస్తే పాడవుతుందంటున్నాడు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

మాజీ_హవల్దార్ (కరీంనగర్)
మీ బావమరిది చెప్పింది సగం నిజం. 22 ఏళ్లు ఆర్మీలో చేశాను. చెమట ఉప్పు ఇనుముని తింటుంది కాబట్టి పైపైన పొడిగుడ్డతో రోజూ తుడవండి, తప్పులేదు. రాత్రిపూట తోలు హోల్‌స్టర్‌లో ఉంచొద్దు, తోలు తేమ పట్టి ఉంచుతుంది. లోపల బ్రష్ వేయడం మాత్రం నెలకోసారి చాలు. కాల్చిన రోజైతే అదే రోజు చేయాలి. రోజూ నూనె పెడితే అది జారి సిలిండర్‌లో రౌండ్లు (తూటాలు) ఉండే గదుల్లోకి పోతుంది, అక్కడి నుంచి రౌండ్ అడుగున మందుని అంటించే ప్రైమర్‌లోకి దిగొచ్చు. ప్రైమర్ చచ్చిపోతే ట్రిగర్ నొక్కినా టిక్కుమని ఊరుకుంటుంది.

పత్తి_వ్యాపారి
ఆరేళ్లుగా పెడుతున్నాను సార్, ఏమీ కాలేదు. కుట్టుమిషన్ నూనె, రెండే చుక్కలు. మా నాన్న ఇనుప పెట్టె తాళానికి కూడా అదే వేసేవారు, నలభై ఏళ్లు తుప్పు పట్టలేదు.

జగిత్యాల_రైతు
కొబ్బరినూనె మాత్రం పెట్టకండి. మావాడు పెట్టాడు, కొన్నాళ్లకి జిగురైపోయి సిలిండర్ తిరగలేదు.

మాజీ_హవల్దార్
తాళం వేరు, ఆయుధం వేరు. ఏమీ కాలేదంటున్నారు, కాలేదని ఎట్లా తెలిసింది? ఖాళీ రివాల్వర్‌ని మధ్యలో వంచి తెరుస్తూ సిలిండర్ వెనకవైపు చూడండి, ఖాళీ కార్ట్రిడ్జ్‌లని బయటికి నెట్టే నక్షత్రం లాంటి ముక్క ఉంటుంది. తెరుస్తుంటే అది పైకి లేస్తుంది, అక్కడే ఆపి దాని కింద చూడండి. అక్కడ నూనెకి దుమ్ము, బట్టల నూగు అంటుకుని నల్లటి ముద్దలా ఉంటుంది. చిటికెడు చాలు, రివాల్వర్ సరిగ్గా మూసుకోదు, మూసుకున్నా సిలిండర్ బిగుసుకుపోతుంది. పాత టూత్‌బ్రష్‌తో పొడిగా దులపాలి, అక్కడ నూనె వద్దు.

పత్తి_వ్యాపారి
చూశాను. కొంచెం నలుపు ఉంది. అయినా నా సిలిండర్ బాగానే తిరుగుతోంది. నూనె పెట్టకపోతే తుప్పుకి ఎవరు జవాబు చెప్తారు?

ములుగు_రోడ్
మీ నెలలు, రోజుల లెక్క నాకు పనికిరాలేదు. 2023 నవంబర్ అసెంబ్లీ ఎలక్షన్లకి నా రివాల్వర్‌ని పోలీస్ స్టేషన్లో డిపాజిట్ చేశాను. తెచ్చుకున్న కొన్నాళ్లకే 2024లో పార్లమెంట్ ఎలక్షన్లని మళ్లీ ఇచ్చాను. రెండోసారి తెచ్చుకున్నప్పుడు బ్యారెల్ పక్కన ఎర్రటి చారలు. అడిగితే మీరు ఇచ్చినట్టే ఉందన్నారు. ఎంత తుడిచినా ఏం లాభం?

మాజీ_హవల్దార్
హోల్‌స్టర్‌తో సహా ఇచ్చారా? ఇస్తే అదే కారణం కావచ్చు. డిపాజిట్‌కి ముందు లోపలా బయటా సన్నగా నూనె పూసి, పొడి బట్టలో చుట్టి ఇవ్వండి. నూనె పెట్టాల్సింది అప్పుడు, రోజూ మోసేటప్పుడు కాదు. తెచ్చుకున్నాక మోసే ముందు ఆ నూనె మొత్తం తుడిచేయాలి.

ములుగు_రోడ్
తోలు కవర్లోనే ఇచ్చాను. రసీదు మీద కూడా అట్లాగే రాశారు.

మాజీ_హవల్దార్
పత్తి వ్యాపారం తమ్ముడూ, ఒక్క మాట అడుగుతాను. ఇప్పటిదాకా ఎన్ని రౌండ్లు కాల్చారు?

పత్తి_వ్యాపారి
కాల్చలేదు. లైసెన్సు మీద రౌండ్ల కోటా తక్కువ, రేటు ఎక్కువ, కాల్చి చూసే రేంజ్‌కి హైదరాబాద్ పోవాలి. 2019లో కొన్న రౌండ్లే ఉన్నాయి. మెరుస్తున్నాయి, రోజూ తుడుస్తాను కదా.

మాజీ_హవల్దార్
అంటే ఆరేళ్లుగా ఒక్కసారీ పేలని ఆయుధం, ఆరేళ్లుగా నూనె తాగుతున్న రౌండ్లు. మెరిస్తే పేలుతుందా? మీరు రోజూ చేసేది పరీక్ష కాదు.

పత్తి_వ్యాపారి
సార్, మీరు పెన్షన్ తీసుకుని ఇంట్లో కూర్చుని చెప్తున్నారు. డబ్బు సంచి పట్టుకుని చీకట్లో పోయేది నేను. 2018లో ఇద్దరు బైక్ మీద వచ్చి సంచి గుంజుకున్నారు, వదలకపోతే మోచేతి మీద కత్తి పెట్టి గీశారు. ఇప్పటికీ చేయి పూర్తిగా ముడవలేను. ఆ తర్వాత నెలల తరబడి నిద్ర లేదు. రోజూ రాత్రి దాన్ని విప్పి, తుడిచి, మళ్లీ పెట్టాకే నిద్ర పడుతుంది. మీరు వద్దంటే మానేస్తానా?

మాజీ_హవల్దార్
ఇది ముందే చెప్పి ఉంటే నూనె దగ్గర ఇంతసేపు కొట్లాడేవాణ్ని కాదు. మీ చేతికి జరిగింది విని బాధగా ఉంది. నా భయం కూడా చెప్తాను. మా యూనిట్‌లో ఒక కుర్రాడు ఖాళీగా ఉందనుకుని తుడుస్తూ తన అరచేతిలోకి తానే కాల్చుకున్నాడు. గుడ్డ అతని చేతిలోనే ఉంది. నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. అందుకే మీరు రోజూ రాత్రి విప్పుతానంటే నాకు తుప్పు గుర్తుకు రావట్లేదు. అలసిపోయి వచ్చి, నిద్ర మత్తులో, ఏడాదికి 365 సార్లు లోడ్ చేసిన దాన్ని ముట్టుకుంటున్నారు.

నర్సంపేట_గృహిణి
మా ఆయన కూడా అన్నం తినే టేబుల్ మీదే పెట్టి తుడుస్తారు, పిల్లలు పక్కనే హోంవర్క్ చేస్తుంటారు. ఎన్నిసార్లు చెప్పినా వినరు. పైన అన్న రాసింది ఈ రాత్రి ఆయనకి చదివి వినిపిస్తాను.

పత్తి_వ్యాపారి
మా ఇంట్లో పిల్లలు పడుకున్నాకే తీస్తాను. రౌండ్లు మాత్రం అదే టేబుల్ మీద, పక్కనే పెడతాను. ఇకనుంచి వేరే గదిలో బీరువాలో పెట్టి తాళం వేస్తాను. కానీ రోజూ తుడవడం మానను సార్.

మాజీ_హవల్దార్
మానకండి. పైపైన, పొడిగుడ్డతో. ఆరు రౌండ్లు లెక్కపెట్టి పక్క గదిలో పెట్టాక, ఆరు గదుల్లోనూ వేలు పెట్టి చూసుకోండి. నెలకోసారి ఖాళీ ఆయుధాన్ని గట్టి గోడ వైపు తిప్పి, వెనక బొటనవేలితో లాగే హ్యామర్‌ని మెల్లగా లాగండి. అది పూర్తిగా వెనక్కి వచ్చేలోపే సిలిండర్ టక్కుమని లాక్ అవ్వాలి. ఆరు గదులకీ అట్లాగే. లాగి ఉన్న హ్యామర్‌ని బొటనవేలితో ముందుకి నెట్టినా పడకూడదు, పడితే ఆ రోజే డీలర్ దగ్గరికి. పాత రౌండ్లు రేంజ్‌లో కాల్చేసి కొత్తవి కొనండి. హైదరాబాద్ దూరమే, కానీ ఒక్కసారి పోయి రండి.

పత్తి_వ్యాపారి
సంక్రాంతి తర్వాత మార్కెట్‌లో రాక తగ్గుతుంది. అప్పుడు పోతాను. మీకు వీలైతే మీరూ రండి సార్, కారు నాది.

మాజీ_హవల్దార్
వస్తాను. కాజీపేట దగ్గర ఎక్కుతాను.