నెస్ట్‌లో ఒక టైటిల్ మారిస్తే అన్నీ మారిపోతున్నాయి, స్లో మోషన్ కూడా ఆగి ఆగి ఆడుతోంది

కొత్త_ఎడిటర్:
అందరికీ నమస్తే. ప్రీమియర్ ప్రోలో (వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్) ఓ పెళ్లి వీడియో చేస్తున్నా, ఎల్లుండి ఇవ్వాలి, రెండు చోట్ల ఇరుక్కుపోయా.

మొదటిది టైటిల్స్. బ్యాక్‌గ్రౌండు, పైన రాలే గులాబీ రేకులు, వాటి మీద ఆ ఘట్టం పేరు, మూడు లేయర్లూ కలిపి నెస్ట్ చేశా, అంటే ఒకే క్లిప్‌లా మూట కట్టేశా. దాన్నే ఆల్ట్ పట్టుకుని లాగి హల్దీకి, మెహందీకి, సంగీత్‌కి, పెళ్లికి నాలుగు చోట్లా పెట్టుకున్నా. ఒక్కోదాన్నీ డబుల్ క్లిక్ చేసి లోపలికెళ్లి పేరు మార్చుకుంటూ వచ్చా. చివరిది మార్చి మొదటి నుంచి ప్లే చేస్తే నాలుగింటి మీదా "జీలకర్ర బెల్లం" అనే ఉంది! పెళ్లికొడుక్కి పసుపు పూస్తుంటే జీలకర్ర బెల్లమేంటి. ఇంకా ఎవరికీ పంపలేదు కాబట్టి సరిపోయింది.

రెండోది తలంబ్రాల షాట్. సెకనుకి 50 ఫ్రేములతో తీసింది, టైమ్‌లైన్ (క్లిప్పులు వరసగా పేర్చే చోటు) సెకనుకి 25. గింబల్ (కెమెరా ఊగకుండా పట్టే పరికరం) మీదే తీశాం గానీ వెనకనుంచి ఎవరో తోశారు, ఊగిపోయింది. స్లో చేసి వార్ప్ స్టెబిలైజర్ (ఊగడం తగ్గించే ఎఫెక్ట్) వేస్తే ఒకే క్లిప్ మీద రెండూ కుదరవు, నెస్ట్ చేసుకోమని మెసేజ్. సరే అని స్పీడు తీసేసి, స్టెబిలైజర్ ఉంచి, నెస్ట్ చేసి, ఆ నెస్ట్‌ని 50 శాతం స్పీడుకి తెచ్చా. ఊగడం పోయింది గానీ బియ్యం గింజలు ఆగి ఆగి కింద పడుతున్నాయి. ల్యాప్‌టాప్ లాగలేకపోతోందేమో అని ఎక్స్‌పోర్ట్ చేసి కూడా చూశా, అందులోనూ అదే.

పాత_క్యాసెట్:
టైటిల్ సంగతి నేను చెప్తా తమ్ముడూ. ఒకే ఇంటికి నాలుగు తాళంచెవులు చేయించుకున్నావు, ఏ చెవితో తలుపు తీసినా కనిపించేది ఆ ఇల్లే కదా. ప్రాజెక్ట్ ప్యానెల్‌లో చూడు, నెస్టెడ్ సీక్వెన్స్ 01 అని ఒక్కటే ఉంటుంది. దాని మీద రైట్ క్లిక్ చేసి డూప్లికేట్ కొట్టు, మూడుసార్లు. వెంటనే పేర్లు మార్చుకో, లేదంటే అర్ధరాత్రి ఏది సంగీత్‌దో నీకే తెలీదు. తర్వాత ఒక్కోదాన్నీ ఆల్ట్ పట్టుకుని టైమ్‌లైన్‌లో ఉన్న పాతదాని మీద వదిలితే, దాని మీద వేసిన ఎఫెక్టులు అలాగే ఉండి లోపలి సరుకు మాత్రం మారుతుంది. నెస్ట్ లోపల ఇంకో నెస్ట్ ఉంటే మాత్రం జాగ్రత్త, పైది డూప్లికేట్ చేసినా లోపలిది ఆ పాతదే.

నేనైతే ఇంత కూడా చేయను. బ్యాక్‌గ్రౌండు, రేకులు నెస్ట్‌లో ఉంచి, అక్షరాలు బయట పై ట్రాక్‌లో పెడతా. టెక్స్ట్‌ని టైమ్‌లైన్‌లో కాపీ చేస్తే దేనికది విడిగానే ఉంటుంది. రేపు పెళ్లికూతురి అమ్మగారు ఫోన్ చేసి గులాబీ వద్దు బాబూ, బంతిపూల రేకులు వెయ్యి అంటారు (అంటారు, రాసిపెట్టుకో), అప్పుడు లోపల ఒక్కసారి మారిస్తే నాలుగూ మారిపోతాయి. ఇప్పుడు నిన్ను ఏడిపించిందే అప్పుడు నీ పని తప్పిస్తుంది.

ఫ్రేమ్_బై_ఫ్రేమ్:
స్లో మోషన్‌లో నువ్వు వరస తిరగేశావ్ బ్రో. నీ నెస్ట్ కూడా 25 ఫ్రేముల సీక్వెన్సే. 50తో తీసిన క్లిప్ దాంట్లో మామూలు స్పీడులో ఉంటే ఫ్రేము విడిచి ఫ్రేము వదిలేస్తుంది. మిగిలిన 25నే నువ్వు బయటనుంచి సగం స్పీడుకి సాగదీశావు కాబట్టి ఒక్కో ఫ్రేమూ రెండేసిసార్లు కనిపిస్తోంది. గింజలు ఆగి ఆగి పడేది అందుకే, ల్యాప్‌టాప్‌ని తిట్టకు.

నెస్ట్ స్పీడు మళ్లీ 100కి తెచ్చెయ్. లోపలికెళ్లి స్టెబిలైజర్ పీకేసి, అక్కడే క్లిప్‌ని 50 శాతం చెయ్. బయటికొచ్చి స్టెబిలైజర్ నెస్ట్ మీద వెయ్. లోపల క్లిప్ రెండింతలైనా బయట నెస్ట్ పొడవు దానంతట అది పెరగదు, చివర పట్టుకుని లాగాలి. ఇక్కడ చాలామంది షాట్ సగంలో తెగిపోయిందని కంగారు పడతారు.

అసలు నెస్టే అక్కర్లేని దారి కూడా ఉంది. ప్రాజెక్ట్ ప్యానెల్‌లో క్లిప్ మీద రైట్ క్లిక్, మాడిఫై, ఇంటర్‌ప్రెట్ ఫుటేజ్, అక్కడ ఫ్రేమ్ రేట్ 25 అని ఇవ్వు. క్లిప్ మొత్తం సగం స్పీడులో ఆడుతుంది, స్పీడు ఎఫెక్ట్ లేదు కాబట్టి స్టెబిలైజర్ గొడవ పెట్టదు. ముందు క్లిప్‌ని డూప్లికేట్ చేసుకుని దాని మీద చెయ్, ఎందుకంటే ఆ క్లిప్ ఎక్కడెక్కడ వాడావో అన్నిచోట్లా మారుతుంది.

రిజాల్వ్_బ్యాచ్:
డావిన్చి రిజాల్వ్ అనే ఇంకో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో అయితే కాంపౌండ్ క్లిప్ (అక్కడ నెస్ట్ లాంటిది) మీద రైట్ క్లిక్ చేసి డీకంపోజ్ ఇన్ ప్లేస్ కొడితే మళ్లీ విడి క్లిప్పులు వచ్చేస్తాయి. ఊరికే చెప్తున్నా :)

పాత_క్యాసెట్:
ఎల్లుండి ఇవ్వాల్సినవాడికి సాఫ్ట్‌వేర్ మార్చమంటావేంటయ్యా.

కొత్త_ఎడిటర్:
థ్యాంక్స్ అన్నా, థ్యాంక్స్ బ్రో. అక్షరాలు బయటికి తీసేశా, హల్దీకి హల్దీయే వస్తోంది. తలంబ్రాలకి ఇంటర్‌ప్రెట్ చేశా, గింజ గింజా కనిపిస్తూ మెత్తగా పడుతున్నాయి. డూప్లికేట్ చేయమన్న ముక్క మాత్రం చేశాక చదివా. టీజర్‌లో కూడా అదే క్లిప్ వాడా, ఇప్పుడక్కడ డప్పు బీట్‌కి తలంబ్రాలు నిదానంగా పోసుకుంటున్నారు. కంట్రోల్ జడ్ కొట్టి మళ్లీ మొదలెడుతున్నా.