ఈ వారం సమస్య: లక్కపిడత బువ్వ లక్షకొచ్చె

నిర్వాహకుడు:
ఈసారి ఆటవెలది. నాలుగో పాదం నాది, పై మూడూ మీవి.

లక్కపిడత బువ్వ లక్షకొచ్చె

అంశం చింతా దీక్షితులు గారు (1891–1960). ఉమ్మడి తూర్పు గోదావరి జిల్లా దంగేరులో పుట్టి, పంతులుగా పనిచేస్తూ పిల్లల కోసం ‘లక్కపిడతలు’, ‘సూరి సీతి వెంకి’ లాంటివి రాశారు. సుగాలీల మీద, చెంచుల మీద పెద్దల కథలూ రాశారు. చలం ఆయనకు రాసిన ఉత్తరాలు పుస్తకంగా రావడంతో, చాలామందికి ఆయన ఆ ఉత్తరాలు అందుకున్న స్నేహితుడిగానే తెలుసు. నాకు అది బాధగా ఉంటుంది. అందుకే ఈ వారం పిల్లల దీక్షితులు గారే కావాలి.

పాతబడి:
పిల్ల లాడు మాట ప్రీతితో బుస్తక
ముగను జేసి పంచె ముద్దుమీర
చింతవారి కథలు చిన్నారులకు విందు
లక్కపిడత బువ్వ లక్షకొచ్చె

నిర్వాహకుడు:
గణాలూ (పాదంలోని గురులఘువుల కొలతలు), యతులూ (పాదం మొదటి అక్షరంతో నడుమ జత కుదరాల్సిన అక్షరాలు) సరిపోయాయి. ‘పిల్ల లాడు మాట’ అన్నది అసలైన మాట. నీతి బోధించే గొంతుతో కాకుండా పిల్లల నోటి మాటతో రాయడమే ఆయన గొప్పతనం. కానీ మాస్టారూ, ఇందులో చిక్కు విప్పలేదు. లక్కపిడత పిల్లల ఆట గిన్నె, పొయ్యెక్కదు కదా! ఏటికొప్పాకలో అంకుడు కర్రను చెక్కి లక్క రంగు పూస్తారు. సెగ తగిలితే ఆ లక్క కరుగుతుంది. మరి అందులో బువ్వ ఎలా ఉడికింది, లక్షమందికి ఎలా వచ్చింది? ‘విందు’ అని మూడో పాదంలోనే చెప్పేస్తే నాలుగో పాదానికి పని లేకుండా పోతుంది.

గోదారిగట్టు:
నా ప్రయత్నం చూడండి. మా అమ్మాయి ఆట చూస్తుంటే వచ్చింది.

అటుకు బెల్లముంచి యాటలో మా సీతి
అరుగు మీద బెట్టి యమ్మ బిలువ
చీమ బంతి వచ్చి చెంత కూర్చుని మెక్కె
లక్కపిడత బువ్వ లక్షకొచ్చె

పాతబడి:
ఆహా! పొయ్యి అక్కర్లేని వంట, లక్షమంది అతిథులు. ‘చీమ బంతి’ దగ్గర ఆగిపోయానమ్మా. చీమల బారు పెళ్లి భోజనాల బంతిలా కళ్లకు కట్టింది. ఒక్క మాట. బంతిలో కూర్చోబెట్టిన అతిథి ‘మెక్కె’ అంటే మొరటుగా లేదూ? ‘చెంత కూర్చుని తినె’ అన్నా గణం సరిపోతుంది.

గోదారిగట్టు:
సరిపోతుంది మాస్టారూ. కానీ పిడత చుట్టూ చీమల్ని చూసి మా అమ్మాయి ఏడుస్తూ అన్న మాట ‘అన్నీ మెక్కేశాయమ్మా’ అనే. ఆ మాట మార్చాలనిపించడం లేదు.

నిర్వాహకుడు:
మార్చకండి. పద్యంలో దీక్షితులు గారి పేరు లేదని ఎవరైనా అంటారేమో. సీతి ఉంది, దాని ఏడుపు మాట ఉంది. నాకు అది చాలు.

తాటిముంజె:
అమ్మ నోటి పాట లందముగా నేర్చి
అచ్చు వేసి యిచ్చె ముచ్చటగను
దిద్దు చేతి కిచ్చె దీక్షితుల్ మనయాట
లక్కపిడత బువ్వ లక్షకొచ్చె

పాతబడి:
రెండో పాదంలో ‘అ’కు ‘ము’ యతి కుదరలేదు.

నిర్వాహకుడు:
అది ప్రాసయతి మాస్టారూ. ‘అచ్చు’, ‘ముచ్చ’ చూడండి, రెండో అక్షరం చ్చ–చ్చ. కందంలో చెల్లదు గానీ ఆటవెలదిలో నిక్షేపంగా చెల్లుతుంది. నాకు వెలితిగా అనిపించింది మరొకటి. ‘ఇచ్చె’ రెండుసార్లు వచ్చింది. రెండో పాదం ‘అచ్చు వేసి పంచె ముచ్చటగను’ అంటే సరి. మూడో పాదం మాత్రం ముట్టుకోవద్దు. అక్షరాలు దిద్దే చేతికి ఆట ఇచ్చాడనడం, ఒక పంతులు గురించి ఇంతకంటే బాగా నేనైతే చెప్పలేను.

పాతబడి:
ప్రాసయతి నేనే పొరబడ్డాను, మన్నించాలి. అయితే సమస్యలోనే ‘కొచ్చె’ గ్రామ్యం కదా, ‘లక్షకయ్యె’ అనకూడదా?

నిర్వాహకుడు:
అనొచ్చు, గణం చెడదు. కానీ గరిటె పట్టుకున్న అమ్మ ‘ఈ అన్నం పదిమందికి వస్తుంది’ అంటుంది. ఆ ‘వస్తుంది’ కోసమే అలా ఇచ్చాను. మీకు ‘అయ్యె’ నచ్చితే అలాగే పూరించండి, తీసుకుంటాను. ఆదివారం రాత్రి దాకా సమయం ఉంది.