విత్తే వారం ఫోన్ చెప్పాలా, చేలో పదును (మట్టిలో తడి) చెప్పాలా?

ఎర్రనేల:
2016 ఖరీఫ్‌లో కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో 175 మంది వేరుశనగ రైతులకు పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి ఎస్సెమ్మెస్‌లు పంపినాయి. జూన్ మొదటి వారంలో విత్తే అలవాటున్న చోట, ఆఖరి వారం దాకా ఆగమన్నాయి. హెక్టారుకు సగటున 30 శాతం దిగుబడి పెరిగిందని తర్వాత ప్రకటించినాయి. వ్యాపార లెక్కల కోసం పుట్టిన సాఫ్ట్‌వేర్ సేద్యానికి పనికొచ్చిందని చెప్పాలంటే ఇప్పటికీ అందరూ ఈ అంకెనే చూపిస్తున్నారు.

నేనడిగేది ఒకటే. ఆ 30లో తేదీ వాటా ఎంత? ఆ మెసేజ్‌లలో విత్తే వారం ఒక్కటే లేదు. భూసార పరీక్షను బట్టి ఎరువు, పశువుల ఎరువు, విత్తనశుద్ధి (విత్తే ముందు గింజకు మందు పట్టించడం), ఎంత లోతున విత్తాలి, అన్నీ ఉన్నాయి. వేరుశనగలో విత్తనశుద్ధి చేసిన చేనూ చేయని చేనూ పక్కపక్కన చూసినోళ్లకు తెలుసు, మొక్కల సంఖ్యలోనే ఎంత తేడా వస్తుందో. ఇన్నింటి ఫలితాన్నీ తేదీ ఖాతాలో, అక్కణ్ణుంచి సాఫ్ట్‌వేర్ ఖాతాలో వేస్తే ఎట్లా?

లెక్కలమనిషి:
అన్నా, నేను కంపెనీల అమ్మకాల రిపోర్టులు తయారు చేస్తాను, అంకెల్ని బొమ్మలుగా చూపే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్ పవర్ బీఐ మీదే. అక్కడ వాడినవాటిలో అదీ ఉంది. 1986 నుంచి 2015 దాకా 30 ఏళ్ల వాతావరణ లెక్కలు తీసుకుని, పైరుకు కావలసిన తేమలో ఎంత అందుతుందో చూపే సూచిక కట్టారు. దానికి ఆ ఏటి వాన అంచనా జోడించి, ఏ వారం విత్తితే పంటకు తేమ అందుతుందో తేల్చారు. చేలో ఒక్క సెన్సర్ లేదు, రైతు పెట్టుబడీ లేదు. మామూలు బటన్ ఫోన్ ఉంటే చాలు.

2017లో ఆంధ్రప్రదేశ్, కర్ణాటకల్లో సుమారు 3,000 మందికి, వేరే పంటలకు కూడా పంపారు. 10 నుంచి 30 శాతం పెరుగుదల అన్నారు. ఒక్క ఏడు, ఒక్క మండలం అదృష్టం అనడానికి లేదు కదా.

ఎర్రనేల:
తమ్ముడూ, 10కీ 30కీ మధ్య ఎంత ఎడముందో చూడు. ఆ ఎడంలో ఏముందో తెలియాలనే నా తపన. పైగా 2016 ఆగస్టులో సీమలో వేరుశనగ బెట్టకు (వానల్లేక) ఎండిపోతుంటే ప్రభుత్వం నీళ్లు చిమ్మే రెయిన్‌గన్లు పెట్టించింది. ఊడలు దిగి కాయ ఊరే వేళ అది. ఎవరి చేను ఏ దశలో బెట్టకు దొరికిందన్నదాన్ని బట్టి ఆ ఏటి దిగుబడి మారుతుంది. అట్లాంటి ఒక్క ఏటిని పట్టుకుని తేదీ బలం తేల్చలేం.

ఇంకోటి. నేనూ ఒక ఏడు ఫోన్‌కు వచ్చిన సలహా నమ్మి వేసినా (ఎవరిదో చెప్పను, ఆ గొడవ వద్దు). చెప్పిన వారమే విత్తే గొర్రు కట్టినాం. మండలంలో వాన పడింది, కానీ వాగుకు అవతల. నా చేలో మట్టి పిడికిట పట్టి వదిలితే ముద్ద నిలవలేదు. అయినా మెసేజ్ వచ్చింది కదా అని వేసినా. ఎనిమిదో రోజు సాలులో వేలు పెట్టి తవ్వితే గింజ ఉబ్బి ఉంది, మొలక మాత్రం దారప్పోగులా ఎండిపోయింది. మళ్లీ విత్తనం కొనాల్సి వచ్చింది.

అదనెరిగి సేద్యం, పదునెరిగి పైరు అన్నారు పెద్దోళ్లు. అదను, అంటే విత్తే కాలం, మండలానికంతా ఒకటే కావచ్చు. పదును ఏ చేనుది ఆ చేనుకే. జూన్ ఆఖరి వారమంటే ఆరుద్ర కార్తె, అది అదను. దాన్ని కంప్యూటర్ చెప్పినా నేను వింటా. పదును దానికి తెలిసినట్టు మెసేజ్ రాస్తేనే ఒప్పుకోను.

మొలక:
ఎర్రనేల గారూ, మీరు అడిగినలాంటి పరీక్ష తెలంగాణలో జరిగింది. 2022లో 250 ఊళ్లను లాటరీ పద్ధతిలో విడదీసి, కొన్నింటికి రుతుపవనాలు ఎప్పుడొస్తాయో నెలకు పైగా ముందే చెప్పారు, కొన్నింటికి చెప్పలేదు. వాన ఆలస్యమని తెలిసిన రైతులు, చెప్పని ఊళ్లతో పోలిస్తే సాగు విస్తీర్ణం 22 శాతం తగ్గించుకున్నారు.

మీ ఇద్దరూ దిగుబడి దగ్గరే ఆగిపోయారని నాకనిపిస్తోంది. విత్తకుండా ఆపిన ఎకరా హెక్టారు దిగుబడి లెక్కలో ఎక్కడా కనబడదు. అప్పు తెచ్చి వేసే ఇంట్లో మాత్రం అదే అసలు లాభం. 2025లో కేంద్రం 13 రాష్ట్రాల్లో 3.8 కోట్ల మందికి ఏఐతో వేసిన రుతుపవన అంచనాలు పంపింది. అంతమందికి వెళ్లే మాటను 30 శాతం దిగుబడి అని కాకుండా, మొదటి చినుకుకే తొందరపడకుండా ఎంతమందిని ఆపిందని కొలవాలి.

లెక్కలమనిషి:
మీరన్నది నిజం. మా పనిలోనూ ఇదే చూస్తాను. ఎన్ని మెసేజ్‌లు వెళ్లాయన్నది సిస్టమే లెక్కపెట్టుకుంటుంది కాబట్టి తెర మీద అదే ముందుంటుంది. రెండోసారి విత్తిన చేలెన్ని అన్నది ఎవరో ఊళ్లో తిరిగి రాసుకొస్తే గానీ రాదు, అందుకే ఉండదు. అయినా అన్నా, మీ అనుభవం ఒక్క చేనుది, ఒక్క ఏటిది. దాంతో నా 3,000 మందిని కొట్టేయలేరు.

ఎర్రనేల:
కొట్టేయడం లేదు తమ్ముడూ, విడదీయమంటున్నా. నా మూడెకరాల్లో గట్టు ఇవతలి ఎకరా ఈసారి మెసేజ్ చెప్పిన వారమే, మట్టి చూడకుండా వేస్తా. అవతలి ఎకరా అదే అదనులో, పదును చూసుకుని వేస్తా. ఒకే కదిరి 6 రకం విత్తనం, ఒకే విత్తనశుద్ధి, ఒకే ఎరువు. మొలక ఎంత వచ్చింది, మళ్లీ ఎంత విత్తినా, కాయ ఎంత తూగింది, అన్నీ ఇక్కడే పెడతా. ఇట్లా చేసేవాళ్లు ఇంకో పదిమంది వస్తే, ఆ లెక్కలు నీ పవర్ బీఐలో నువ్వే ఎక్కించు.