అప్‌డేట్: పద్మనాభం వైపు వేసిన నాటిక ఏమైందంటే

గర్భిణుల ఆరోగ్యం మీద పల్లెల్లో నాటిక వేయాలి, ఉపన్యాసంలా తోచకుండా ఎలా అని ఆ మధ్య అడిగాను కదా. విశాఖ నుంచి వెళ్లి పద్మనాభం మండలంలో వేసొచ్చాం. స్టేజీ లేదు, రామాలయం ముందు అరుగే చాలింది. జముకు వాయిస్తూ పాడి చెప్పే మన ఉత్తరాంధ్ర జానపద కళ, జముకుల కథ ఫక్కీలో మొదలెట్టాం. జముకు మోగగానే, మీటింగంటే మొహం చాటేసే మగాళ్లు కూడా వచ్చి కూర్చున్నారు.

"మధ్యలో ఆపి జనాన్నే అడగండి" అన్న మీ సలహా బ్రహ్మాండంగా పనిచేసింది. కోడలు ఐరన్ మాత్ర వేసుకోబోతే, "బిడ్డ నల్లగా పుడతాది" అని అత్త లాక్కుంటుంది. అక్కడ ఆపాం. ముందు వరసలో ఓ పెద్దావిడ, "నల్లగా వచ్చేది బిడ్డ కాదే, దొడ్డికెళ్తే వస్తాది!" అంది. ఒకటే నవ్వులు. మేం రాసుకున్న డైలాగ్ కంటే అదే నయం! ఆ ఊపులోనే ఏఎన్ఎం గారు అందుకున్నారు: టీతో వేసుకోవద్దు, నిమ్మరసంతో అయితే బాగా ఒంటబడుతుంది, కనీసం 180 రోజులు వాడాలి, హిమోగ్లోబిన్ 11 కంటే తగ్గితే రక్తహీనతే అని.

108 సీను తేలిపోయింది. అందరికీ తెలిసిందే మరి. దాని బదులు బీపీ పెరిగిన లక్షణాలు పెడుతున్నాం: విపరీతమైన తలనొప్పి, కళ్లు మసకబారడం, ముఖం వాపు.

అత్త మరీ గయ్యాళిగా ఉందని ఆడవాళ్లు గొడవ చేశారు. న్యాయమే. ఈసారి ఆవిడ భయస్తురాలు. మొగుడికి కూడా మాటలు పెంచుతున్నాం, ఇప్పటిదాకా అన్నం తినడం తప్ప వాడు చేసిందేం లేదు.